ఆసుపత్రికి కాని ప్రయాణం

గత శీతాకాలంలో మా బంధువుల ఇంట వలీమా విందు జరిగింది. స్త్రీలంతా ఒకచోట చేరి మాట్లాడుకుంటున్నారు. మాటల మధ్య ఎవరో మా బావమరిది భార్యను, "నువ్వు హైదరాబాద్ చూశావా?" అని అడిగారు. ఆమె నవ్వుతూ, "చూడకేం! మూడుసార్లు చూశాను. ఒకసారి మామగారి గుండె, ఒకసారి నా ఆపరేషన్, ఒకసారి పిల్లవాడి చెయ్యి" అని చెప్పింది. అందరూ నవ్వారు. ఇంటికి వచ్చాక నా శ్రీమతి ఈ మాట నాకు చెప్పినప్పుడు మాత్రం నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

మా బావమరిది భూపాలపల్లిలో బొగ్గుగని ఉద్యోగి. ఒక వారం తెల్లవారుజామున, మరొక వారం మధ్యాహ్నం, ఇంకొక వారం రాత్రి డ్యూటీ. ఆయన నిద్రపోయే వేళలకు అనుగుణంగా ఇంట్లో పిల్లలు మెల్లగా నడవడం నేర్చుకున్నారు. వివాహమై పదిహేడేళ్ళు. ఈ పదిహేడేళ్ళలో భార్యాభర్తలిద్దరూ కలిసి ఊరు దాటినది పెళ్ళిళ్ళకు, చావులకు, ఆసుపత్రులకు. ఈ మూడింటిలో ఏదీ కాని ప్రయాణం ఒక్కటీ లేదు. ఇది ఆ ఒక్క ఇంటి సంగతే కాదు. జనగామలోనైనా, మా మహబూబాబాద్‌లోనైనా, వీధికి పది ఇళ్ళు ఎంచి అడిగి చూడండి.

ఈ నెల శీర్షికను అందుకే ఒక ప్రయాణ ప్రణాళికకు కేటాయిస్తున్నాను. రెండు పగళ్ళు, ఒక రాత్రి, ఇద్దరే మనుషులు. ఊరు హైదరాబాద్.

జర్మనీలో చదువుకుంటున్న మా అక్క కుమారుడు ఒకసారి ఫోనులో చెప్పాడు: అక్కడి దంపతులు శుక్రవారం సాయంత్రం ఒక చిన్న సంచి తగిలించుకుని రైలెక్కి మరొక నగరానికి వెళ్తారట, ఆదివారం రాత్రికి తిరిగి వస్తారట. కారణం ఏమిటని ఎవరూ అడగరట. మన దగ్గర ముందుగా అడిగేదే అది. "ఎందుకు వెళ్తున్నారు? ఎవరికి బాగాలేదు?" అని. మా అత్తగారు కూడా అదే అడిగారు. సంగతి విని, "పెళ్ళీడుకు వస్తున్న పిల్లను ఇంట్లో పెట్టుకుని మీకు షికార్లా?" అని రెండు రోజులు కోడలితో సరిగా మాట్లాడలేదు. ఆమెను నేను తప్పు పట్టను. ఆమె తరంలో షికారు పురుషులది. మా మామగారు, అల్లాహ్ ఆయనను క్షమించుగాక, ప్రతి ఏటా జనవరిలో నాంపల్లి నుమాయిష్‌కు స్నేహితులతో వెళ్ళేవారు. 1938లో మొదలైన ఆ ప్రదర్శన ఆయనకు పండుగ వంటిది. తిరిగి వస్తూ ఇంటికి ఒక స్టీలు గిన్నో, దుప్పటో తెచ్చేవారు. ఇంటావిడను తీసుకువెళ్ళాలన్న ఆలోచన ఆయనకు రాలేదు, తీసుకువెళ్ళమని అడగాలన్న ఆలోచన ఆమెకూ రాలేదు.

అయితే ఇందులో ధర్మానికి విరుద్ధమైనది ఏమున్నది? ప్రవక్త (స) ఒక ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (ర.అ.)తో పరుగు పందెం వేసుకున్న ఉదంతం మనమంతా ప్రసంగాలలో విన్నదే. విని, ముచ్చటపడి, ఇంటికి వచ్చి మరచిపోతాం.

ఇక ప్రణాళిక. నేను హైదరాబాద్‌లో నాలుగేళ్ళు చదువుకున్నవాడిని కనుక, దారి చూపే బాధ్యత నాపై పడింది. ఉత్సాహంగా కాగితం తీసుకుని తొమ్మిది స్థలాలు రాశాను. శుక్రవారం ఉదయం బయలుదేరి మక్కా మసీదులో జుమా, ఆ తరువాత సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా, గోల్కొండ... నా శ్రీమతి ఆ కాగితం చూసి, "ఇది విహారమా, తనిఖీయా?" అని అడిగింది. పెన్ను తీసుకుని అయిదింటిని కొట్టివేసింది. మిగిలిన వాటిలో కూడా పెద్ద పొరపాటు ఉన్నది. సాలార్‌జంగ్ మ్యూజియానికీ చౌమహల్లాకూ శుక్రవారమే సెలవు! నాలుగేళ్ళు అక్కడ చదివి కూడా ఆ సంగతి మరచాను. జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసివేస్తారు, చాలా మ్యూజియంలకు సోమవారం సెలవు. అక్కడికి వెళ్ళేవారు ముందుగా ఆ వారాలు చూసుకుంటారట. మనమూ చూసుకోవాలి. కనుక శనివారం బయలుదేరి ఆదివారం తిరిగి రావడం మేలు. గని ఉద్యోగికి ఆదివారం ఎలాగూ విశ్రాంతి దినం, ఒక్క శనివారం సెలవు పెడితే చాలు.

జనగామ పాఠకులు ఇక్కడ ఒక మాట అనవచ్చు: "మాకు హైదరాబాద్ 85 కిలోమీటర్లే కదా, ఉదయం రైలెక్కితే రాత్రికి ఇంట్లో ఉంటాం. గదికి డబ్బు దండగ ఎందుకు?" ఈ ఒక్క విషయంలో నేను పట్టుబడతాను. రాత్రి తప్పక అక్కడే ఉండండి. ఉదయం వెళ్ళి రాత్రి వచ్చే ప్రయాణంలో భర్తకు మాత్రమే విహారం. ఆమె మూడు గంటలకు లేచి పిల్లలకు, అత్తమామలకు రెండు పూటల వంట చేసి బయలుదేరుతుంది. రాత్రి వచ్చి ఆ గిన్నెలే తోముతుంది. ఒక రాత్రి బయట ఉంటేనే మరునాటి ఉదయం ఆమె పొయ్యి వెలిగించకుండా లేస్తుంది. గది అద్దె ఆ ఒక్క ఉదయానికి చెల్లించే మూల్యం అనుకోండి.

పిల్లలను నానమ్మ దగ్గరో, అమ్మమ్మ దగ్గరో వదలండి. వెంట తీసుకువెళ్ళే ప్రయాణం వేరు, అది జంతు ప్రదర్శనశాల ప్రయాణం. దానికి మరొక సెలవు చూసుకోవచ్చు.

దారి సంగతి. మహబూబాబాద్ వారికి కాజీపేట-విజయవాడ మార్గంలో గోల్కొండ, కృష్ణా, శాతవాహన వంటి బండ్లు ఉన్నాయి. తిరుగు ప్రయాణానికి సీటు ముందుగా రిజర్వు చేసుకోండి, ఆదివారం సాయంత్రం సికింద్రాబాద్ స్టేషన్‌లో నిలబడే చోటు కూడా దొరకదు. భూపాలపల్లికి రైలు లేదు. హనుమకొండ మీదుగా బస్సే దిక్కు. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణం ఉన్నది కనుక, ఎక్స్‌ప్రెస్ ఎక్కితే టికెట్టు ఒక్కరికే. "ఇన్నాళ్ళకు నా ఖర్చు మీ ఖర్చు కంటే తక్కువైంది" అని మా చెల్లెమ్మ వేళాకోళం చేసిందట. సూపర్ లగ్జరీ ఎక్కితే మాత్రం ఇద్దరికీ టికెట్టు తప్పదు. వరంగల్ వైపు నుండి వచ్చేవారు ఉప్పల్‌లో దిగి మెట్రో ఎక్కవచ్చు, అమీర్‌పేటలో మార్గం మారితే నాంపల్లి చేరుతారు. గది నాంపల్లి పరిసరాలలో తీసుకుంటే అదే మార్గంలో మెట్రో మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌కు, అంటే పాతబస్తీ గుమ్మానికి చేరుస్తుంది.

ఇద్దరి ఆధార్ కార్డులూ దగ్గర ఉంచుకోండి. ఉచిత బస్సుకూ అదే కావాలి, లాడ్జీలోనూ అదే అడుగుతారు. ఆమె కార్డులో ఇంకా తండ్రి పేరే ఉంటే నిఖానామా నకలు ఒకటి సంచిలో వేసుకోవడంలో చిన్నతనమేమీ లేదు. కౌంటరు దగ్గర నలుగురిలో సంజాయిషీ చెప్పుకోవలసిన అవస్థ ఆమెకు రాకూడదు. జానమాజు కూడా పెట్టుకోండి. భూపాలపల్లి, మహబూబాబాద్‌ల నుండి వచ్చేవారు ముసాఫిర్లే, నమాజును ఖస్ర్ చేసుకుంటారు. జనగామ దూరం మాత్రం హద్దు మీద ఉన్నట్లుంటుంది, బయలుదేరే ముందు మీ మసీదు ఇమామ్ గారిని అడిగి తెలుసుకోండి. పాతబస్తీలో పురుషునికి ప్రతి మలుపులో మసీదు దొరుకుతుంది, స్త్రీకి అలా దొరకదు. కనుక ఆమె నమాజు వేళలను బట్టి గదికి వెళ్ళి వచ్చేలా తిరుగుడు ఏర్పాటు చేసుకోవాలి. ఆయన వేళలను బట్టి ఏర్పాటు చేసి, ఆమెను మెట్ల మీద కూర్చోబెట్టి లోపలికి వెళ్ళడం నేను ఎన్నోసార్లు చూశాను. నేనూ చేశాను.

మా బావమరిది దంపతులు శనివారం మధ్యాహ్నానికి మూసీ ఒడ్డుకు చేరారు. నయాపూల్ దాటుతుండగా ఆమె ఆగిపోయిందట. వెనుక, ఉత్తరపు గట్టు మీద ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటాలు. మామగారి గుండెజబ్బుకు పదకొండు రోజులు ఆమె అక్కడే ఉన్నది. ఆవరణలోని చింతచెట్టు నీడలో కూర్చుని అన్నం తిన్నది. 1908 సెప్టెంబరు వరదలో సుమారు 150 మంది ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారని అప్పుడు ఆమెకు ఎవరూ చెప్పలేదు. నదికి ఇవతలి గట్టున, నడచి రాగల దూరంలో, సాలార్‌జంగ్ మ్యూజియం ఉన్నదని కూడా చెప్పలేదు. "పదకొండు రోజులు అటువైపు ఉన్నానండీ. ఇటువైపు ఏమున్నదో చూడనే లేదు" అన్నదట. రోగిని వదిలి మ్యూజియం చూడమని నేను అనడం లేదు. కానీ ఒక నగరం మన మనసులో ఏ గట్టు మీద నిలిచిపోతుందో చూడండి.

మ్యూజియం సగం రోజు తీసుకుంటుంది. అన్ని గదులూ చూడాలన్న పంతం వద్దు. మూడవ సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీ ఖాన్, పెళ్ళి చేసుకోకుండానే 1949లో కన్నుమూశారు. ఆయన సేకరించిన వస్తువులతో 1951లో దివాన్ దేవ్డీలో మ్యూజియం ఆరంభమై, 1968లో ఇప్పటి భవనంలోకి వచ్చింది. జంటగా వెళ్ళేవారికి నేను మూడింటిని సూచిస్తాను. మొదటిది మేలిముసుగు వేసుకున్న రెబెకా పాలరాతి శిల్పం. ఇటలీ శిల్పి బెంజోని చెక్కినది, 1876 నాటిది. రాయి రాయిలా ఉండక పలుచని బట్టలా ఎలా కనబడుతున్నదో చూసి మా చెల్లెమ్మ చాలాసేపు కదలలేదట. రెండవది గంట గంటకూ చిన్న బొమ్మ బయటకు వచ్చి గంట కొట్టే గడియారం. పన్నెండు గంటలకు వెళ్తే పన్నెండు దెబ్బలూ వినవచ్చు, కానీ జనం విపరీతం. మూడవది ఒకే దుంగలో చెక్కిన జంట విగ్రహం. ముందు వైపు తల ఎగరేసి నిలిచిన పురుషుడు, వెనుక వైపు తల వంచుకున్న స్త్రీ. జర్మన్ మహాకవి గేథే నాటకంలోని పాత్రలు అవి. ఆ స్త్రీని చూడాలంటే వెనుక పెట్టిన అద్దంలోకి చూడాలి. "అద్దం పెట్టకపోతే ఆమె ఉన్నట్టే తెలియదు" అని మా బావమరిదితో అన్నదట. ఆయనకు వెంటనే అర్థం కాలేదు. రాత్రి అర్థమైందని నాకు చెప్పాడు.

సాయంత్రం చార్మినార్. 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించినది, పై అంతస్తులో మసీదు కలదు. పక్కనే మక్కా మసీదు. 1617లో ముహమ్మద్ కుతుబ్‌షా ప్రారంభించిన ఆ కట్టడం 1694లో ఔరంగజేబు కాలంలో పూర్తయింది. ఆవరణలోనే రెండవ నిజాం నుండి ఆరవ నిజాం వరకు ఆసఫ్‌జాహీల సమాధులున్నాయి. ఆరవ నిజాం పేరు మహబూబ్ అలీ ఖాన్. మా మానుకోటకు కాగితాల మీద ఉన్న పేరులోనూ ఆ 'మహబూబ్' వినబడుతుంది కనుక, మా ఊరివాళ్ళు అక్కడ ఒక్క నిమిషం నిలిచి దుఆ చేస్తే బాగుంటుందని నా ముచ్చట.

ఆ వేళ అక్కడ చేయవలసిన పని ఒక్కటే, కూర్చోవడం. నిమ్రా కెఫే దగ్గర ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్లు తీసుకుని చార్మినార్ దీపాలు వెలిగే వరకు ఉండండి. మా బావమరిది రెండు చాయ్‌లు తెచ్చాడు. ఆమె ఒక గుటక తాగి పక్కన పెట్టింది. ఏమని అడిగితే, "నేను చక్కెర మానేసి రెండేళ్ళయింది కదండీ" అన్నది. షుగర్ మొదలవుతున్నదని డాక్టర్ చెప్పిన రోజు నుండి ఆమె ఇంట్లో చక్కెర లేని టీ తాగుతున్నది. తనది విడిగా కలుపుకుని వంటింట్లోనే తాగేది. ఆయనకు తెలియదు. డాక్టర్ దగ్గరకు ఆమె పక్కింటావిడతో వెళ్ళింది, ఆ వారం ఆయనది రాత్రి డ్యూటీ. "చెప్పలేదేం?" అని అడిగాడు. "మీరు లేచి ఉన్నప్పుడు పిల్లల సంగతులే సరిపోయేవి" అన్నది. ఈ సంభాషణ నాకు చెబుతున్నప్పుడు అతని గొంతు మారింది. బొగ్గు పొరలో రాయి ఎక్కడున్నదో చప్పుడును బట్టి చెప్పగల మనిషి అతను.

రాత్రి భోజనానికి ఆ పరిసరాలలో చింత లేదు, మదీనా కూడలి వైపు అడుగడుగునా హోటళ్ళే. బిర్యానీ ఒక్కటి ఇద్దరికి సరిపోతుంది. లాడ్‌బజారులో లక్క గాజులకు మాత్రం సమయం వదలండి, డబ్బు కొంచెమే వదలండి. మొదటి దుకాణంలో ధర విని రెండవ దుకాణంలో బేరమాడండి. రమజాన్ రాత్రులలో ఆ బజారు చూడదగినదే, కానీ ఇద్దరు కలిసి మాట్లాడుకుంటూ నడిచేందుకు అది సమయం కాదు. ఎండాకాలమూ వద్దు. వానలు వెళ్ళాక ఫిబ్రవరి వరకు వాతావరణం హాయిగా ఉంటుంది.

ఆదివారం నా కాగితంలో గోల్కొండ కోట ఉన్నది. ఆమె మోకాళ్ళ నొప్పి గుర్తు చేసి నా శ్రీమతి దానిని కొట్టివేసింది. కోటకు దగ్గరలోనే, ఎక్కే పని లేని కుతుబ్‌షాహీ సమాధుల తోటకు వెళ్ళారు. చదునైన నేల, చెట్లు, గుమ్మటాలు. 2013 తరువాత ఆగాఖాన్ ట్రస్టు పూనికతో జీర్ణోద్ధరణ జరిగి ఆ ప్రాంగణం రూపు మారింది. అక్కడ హయాత్ బక్షీ బేగం సమాధి తప్పక చూడండి. ఒక సుల్తానుకు కుమార్తె, మరొక సుల్తానుకు భార్య, ఇంకొక సుల్తానుకు తల్లి. విజయవాడ దారిలోని హయత్‌నగర్ ఆమె పేరే. మాసాబ్ ట్యాంక్ అని మనం పిలిచేది కూడా 'మా సాహెబా' చెరువే. సిటీ బస్సు బోర్డు మీద ఆ పేరు ఎన్నోసార్లు చదివిన నా బావమరిది అది ఒక తల్లి పేరని అక్కడే తెలుసుకున్నాడు.

చౌమహల్లాకు సమయం చాలలేదు. పోనివ్వండి. రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్ళలేదేమని కొందరు అడిగారు. దానికి ఒక పూర్తి రోజూ, ఈ ప్రయాణం మొత్తానికి అయినంత ఖర్చూ కావాలి. వీరికి బస్సు, గది, భోజనం, ప్రవేశ రుసుములు, గాజులు అన్నీ కలిపి ఆరువేల లోపే అయింది. అది కూడా భారమైతే వరంగల్ చాలు. భూపాలపల్లి వారు మధ్యాహ్నం లోపు చేరుతారు. కోటలో కాకతీయ తోరణాలు, వాటికి కొంచెం దూరంలో వాలు గోడల ఖుష్‌మహల్ ఉన్నాయి, సాయంత్రం భద్రకాళి చెరువు గట్టు ఉన్నది. హనుమకొండలో ఒక రాత్రి గది తీసుకోండి. ఊరు ఏదైనా సరే, ముందుగా ఆమెను ఒక మాట అడగండి: "నీకు ఏం చూడాలని ఉంది?" మొదటిసారి "మీ ఇష్టం" అంటుంది. రెండవసారి కూడా అదే అంటుంది. మూడవసారి అడగాలి. మా చెల్లెమ్మ మూడవసారి చెప్పిన జవాబు "చార్మినార్ దగ్గర కాసేపు కూర్చోవాలి" అని. నా తొమ్మిది స్థలాల కాగితంలో కూర్చోవడం అన్నది లేదు.

ఆదివారం సాయంత్రం నాలుగింటికల్లా నగరం వదలడం మంచిది. సోమవారం పిల్లలకు బడి, ఆయనకు మొదటి షిఫ్టు. వీరు రాత్రి పదకొండు గంటలకు ఇల్లు చేరేసరికి మా అత్తగారు మేలుకునే ఉన్నారు. కోడలు డజను గాజుల పెట్టె ఆమె చేతిలో పెట్టింది. ఆమె విప్పలేదు. "ఈ వయసులో నాకెందుకు?" అని దిండు కింద పెట్టుకున్నారు. కాసేపటికి, దీపం ఆర్పబోతున్న కోడలిని ఆపి అడిగారట: "నుమాయిష్ జరిగే చోటు చూపించాడా? ఎంత పెద్దది ఉంటుంది?"